చేతిపని సరే, కళ్ల మాటేమిటి?

పదో తరగతి తప్పిన కుర్రాడిని ఏం చేద్దామంటే మన ఇళ్లలో తరచూ వినిపించే జవాబు ఒకటుంది: "తెలిసిన ఉస్తాద్ దగ్గర వెల్డింగు షెడ్డులో పెడదాం. చేతిలో పనుంటే ఎక్కడైనా బతుకుతాడు." ఈ మాటలో తప్పు లేదు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో గేట్లు, గ్రిల్సు చేసే షెడ్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. కానీ బిడ్డను అప్పగించేటప్పుడు "కళ్లకు నల్లద్దం, కాళ్లకు బూట్లు ఇస్తావా భాయ్?" అని మనం ఎన్నడైనా అడిగామా?

కాగిన లోహం మన ప్రాంతానికి కొత్త కాదు. బుడితిలో కంచు, ఇత్తడి కరిగించి పోతపోయడం తరతరాల వృత్తి. గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లో ఫెర్రో అల్లాయ్స్ కొలుములు వెలిశాయి. మనవాళ్లు విశాఖ ఉక్కు కర్మాగారానికీ పనికి వెళ్తుంటారు. 2012 జూన్ 13 రాత్రి అక్కడ కొత్త ఆక్సిజన్ యూనిట్‌ను పరీక్షిస్తుండగా పేలుడు జరిగి 19 మంది మరణించారు. వారిలో అధికారులూ ఉన్నారు. రక్షణ విభాగం, అగ్నిమాపక దళం, సొంత ఆసుపత్రి ఉన్నచోటే అంత ఘోరం జరిగితే, బకెట్టెడు ఇసుక కూడా లేని మన షెడ్డు సంగతేమిటి?

కంటి రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అయితే ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్డు ఆ చట్టం పరిధిలోకి రాలేదు. కాబట్టి అక్కడ తనిఖీ అధికారులం మనమే కావాలి.

"నేనూ ఇలాగే నేర్చుకున్నాను" అంటాడు ఉస్తాద్. నిజమే. కానీ వెల్డింగు వెలుగు దెబ్బ వెంటనే తెలియదు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుట్టి కుర్రాడు లేచి కూర్చుంటాడు. పాలచుక్కలు వేసి పడుకోబెడతాం, తెల్లారితే మళ్లీ అదే షెడ్డుకు పంపుతాం. వెల్డింగు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో తేల్చింది. తలుపులు మూసిన గదిలో ఆ పొగను పీలుస్తున్నది మన పిల్లలే.

జాగ్రత్తలు పెద్ద ఖర్చువి కావు. నైలాన్, పాలియెస్టర్ చొక్కా నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. మందపాటి నూలు బట్ట వేయాలి. ఖాళీ అయిందని పెట్రోలు, డీజిల్ డ్రమ్ముకు వెల్డింగు పెట్టకూడదు. లోపలి ఆవిరి చాలు పేలడానికి. ఆక్సిజన్ సిలిండరుకు నూనె చేతులు తగలనీయకూడదు. కరిగిన లోహం దగ్గరకు నీటిచుక్క, తడిసిన పనిముట్టు రాకూడదు. ఒళ్లు కాలితే పసుపు, టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒక్క గేటు చేస్తే వచ్చే కూలి ముందు నల్లద్దం ఖరీదు ఎంత? జుమా నమాజు ముగించుకుని వచ్చే దారిలో ఒకసారి షెడ్డు ముందు ఆగుదాం. ఉస్తాద్‌తో తగవు వద్దు. అతనూ మనవాడే, అతని కళ్లూ విలువైనవే. మర్యాదగా ఒక్క మాట చెబుదాం: "భాయ్, హోల్డరు చేతికిచ్చే ముందు పిల్లవాడి ముఖానికి షీల్డు ఇవ్వు." చేతిపని నేర్చిన బిడ్డ ఆ పని చేసుకోవడానికి చూపు మిగలాలి కదా!