సూర్యలంక తీరంలో దిబ్బలు మిగిలేనా?

బాపట్ల (మా గ్రామీణ విలేఖరి): పట్టణానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక సముద్ర తీరాన్ని తీర్చిదిద్దడానికి కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ రెండవ పథకం కింద 2024-25లో 97 కోట్ల 52 లక్షల రూపాయలు మంజూరు చేసింది. కార్తీక పౌర్ణమికి ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చే తీరానికి ఇంత సొమ్ము రావడం సంతోషించదగిన విషయమే. అయితే కట్టడాలు ఇసుక మీదికి వస్తాయా, ఇసుకకు ఎడంగా వుంటాయా అన్నది అసలు సంగతి.

ఒడ్డున వుండే ఇసుక దిబ్బలు పైకి పనికిమాలిన మెరకల్లా కనబడతాయి. చదును చేసి సిమెంటు బాట వేస్తే అందంగా వుంటుందని ఎవరికైనా తోస్తుంది. కాని బాలబందితీగ, రావణాసురుని మీసాల గడ్డి అల్లుకున్న దిబ్బ పోటు దెబ్బను తాను కాస్తుంది. కోతపడిన ఇసుకలో చాలా భాగం తరువాతి నెలల్లో అలలే తెచ్చి పోస్తాయి. గోడ కడితే అల దానికి కొట్టుకుని తిరిగిపోతూ గోడ అడుగు ఇసుకనే లాగేస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దిబ్బలు ఆపగలిగేవని ఎవరూ అనరు. కాని 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలోనే తీరం దాటిన మిచాంగ్ వంటి తుఫానులు మళ్ళీ రాకపోవు. అప్పుడు సిమెంటు కట్టడాలకు మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టాలి?

2019 నాటి తీర ప్రాంత క్రమబద్ధీకరణ ఉత్తర్వు ప్రకారం ఇసుక దిబ్బలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు అన్నిటికంటె గట్టి రక్షణ గల తరగతిలోకి వస్తాయి. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు వంటివి తాత్కాలిక పద్ధతిలో, పోటు గీతకు కనీసం 10 మీటర్ల ఎడంగా పెట్టుకోవచ్చు. కనుక వసతులకు చట్టం అడ్డు కాదు. రాత్రి దీపాల విషయం మాత్రం ఆలోచించాలి. గుడ్డు నుంచి వచ్చిన తాబేలు పిల్ల వెలుతురు చూసి నడుస్తుంది. ఒడ్డున దీపాలుంటే సముద్రం వైపు పోవలసినది రోడ్డెక్కుతుంది.

ఇక మత్స్యకారుల మాట. పడవ లాగి పెట్టడానికి, వల ఆరవేయడానికి, అలివి వల లాగడానికి ఖాళీ ఒడ్డు కావాలి. ఉద్యానవనం నక్షాలో ఈ చోటు ముందుగా గీసి, తరువాత కుర్చీలు, గొడుగుల సంగతి చూడడం న్యాయం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం. సెలవుల జనం వచ్చేదీ అప్పుడే. ఈత, సముద్రపు లాగుడు తెలిసిన పల్లె యువకులను ఆ రెండు నెలలు జీతమిచ్చి గజ ఈతగాళ్ళుగా పెట్టుకుంటే స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకునే విద్యార్థులు కొందరైనా ఇల్లు చేరతారు.

కట్టడం కంటె కాపాడడం కష్టమని విశాఖ రుషికొండ చూపింది. 2020లో నీలి జెండా గుర్తింపు పొందిన ఆ తీరం, చెత్త, కుక్కల బెడద, నిర్వహణ లోపాల వల్ల 2025 మొదట్లో దానిని పోగొట్టుకుని, శుభ్రం చేసిన పిమ్మట తిరిగి తెచ్చుకుంది. సూర్యలంకలో ఊడ్చేవారికి, ఈతగాళ్ళకు ఏటేటా జీతాలు ఏ పద్దు నుంచి ఇస్తారో అధికారులు ఇప్పుడే చెప్పాలి. నక్షాను కూడా తెలుగులో పెద్ద బోర్డుపై ఒడ్డునే కట్టి, మత్స్యకారుల అభ్యంతరాలు వినాలి.