కొత్త గేమ్ అంటే ఫ్లాపేనా? కాంకార్డ్ ఒక్కటి చూసి అలా అనేయొద్దు

సోనీ 2024 ఆగస్టు 23న పీఎస్5, పీసీల కోసం 'కాంకార్డ్' అనే కొత్త షూటర్‌ని 40 డాలర్లకి రిలీజ్ చేసింది. సరిగ్గా రెండు వారాలకి, సెప్టెంబర్ 6న సర్వర్లు ఆపేసి కొన్నవాళ్లకి డబ్బులు తిరిగిచ్చేసింది. అక్టోబర్‌లో ఆ గేమ్ చేసిన ఫైర్‌వాక్ స్టూడియోస్‌ని మూసేస్తున్నట్టు చెప్పింది. ఇక అప్పటి నుంచి ఒకటే మాట: "కన్సోల్‌లో కొత్త ఫ్రాంచైజీ అమ్ముడుపోదు బాస్, సీక్వెలే సేఫ్."

నా దృష్టిలో ఇది సగం నిజమే.

ఇదే సోనీ 2020 జులైలో 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' తెచ్చింది. అదీ కొత్తదే. మొదటి మూడు రోజుల్లోనే 24 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. 2015లో వచ్చిన నింటెండో 'స్ప్లాటూన్' సంగతి ఇంకా ఆశ్చర్యం. వీ యూ కన్సోలే మొత్తం 1.35 కోట్లు అమ్ముడైతే, ఈ గేమ్ దాదాపు 50 లక్షలు పోయింది. అంటే ప్రతి మూడు కన్సోల్స్‌కి ఒకటి పైనే.

మరి తేడా ఎక్కడుంది? రెండు విషయాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, కాంకార్డ్ దిగిన మార్కెట్. ఫోర్ట్‌నైట్, ఓవర్‌వాచ్ 2 ఫ్రీగా దొరుకుతున్న చోట డబ్బులు కట్టమంది. పైగా ఆన్‌లైన్ గేమ్‌కి మొదటి రోజే జనం కావాలి. మన ఫ్రెండ్స్ లేని యాప్‌లో మనం మాత్రం ఎంతసేపు ఉంటాం? ఒంటరిగా ఆడే కథ గేమ్‌కి ఆ బాధ లేదు.

రెండు, "కొత్త" అంటే అన్నీ కొత్తవి కావు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. అన్నీ సున్నా నుంచి రాస్తే డెడ్‌లైన్ దాటిపోతుంది. గెరిల్లా టీమ్ కిల్‌జోన్ కోసం తయారుచేసిన ఇంజిన్ మీదే 2017లో 'హొరైజన్ జీరో డాన్' కట్టింది. శాండ్‌ఫాల్ తన మొదటి గేమ్ 'క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'కి రెడీగా ఉన్న అన్‌రియల్ ఇంజిన్ 5 వాడింది. 2025లో రిలీజైన 33 రోజుల్లో 33 లక్షల కాపీలు అమ్మింది. రిస్క్ అంతా కథలో, ఆటలో పెట్టారు, టెక్నాలజీలో కాదు.

అలాగని నేను హిట్లే ఏరుకుని చూపిస్తే అదీ మోసమే. యాంథమ్, ఫోర్‌స్పోకెన్ కూడా కొత్తవే, ఏం జరిగిందో చూశాం. ఇక జనానికి నచ్చితే చాలు అనుకోవడానికీ లేదు. 2023 జనవరిలో వచ్చిన 'హై-ఫై రష్'ని 30 లక్షల మంది ఆడారు. కానీ మొదటి రోజు నుంచే గేమ్ పాస్‌లో ఉంది కాబట్టి ఆడినవాళ్లంతా కొన్నవాళ్లు కాదు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోని మూసేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత క్రాఫ్టన్ తీసుకోబట్టి అది బతికింది.

ఇందులో మన వాటా కూడా ఉంది. పెద్ద పీఎస్5 గేమ్ అంటే మన దగ్గర దాదాపు 5 వేల రూపాయలు. అంత పెట్టేటప్పుడు తెలిసిన పేరే కొంటాం. నేనూ అంతే, సీక్వెల్ అయితే లాంచ్ రోజున కొంటాను, కొత్తదైతే సేల్ కోసం ఆగుతాను. కానీ పబ్లిషర్లు ముందుగా చూసేది మొదటి వారాల అమ్మకాలే. మనం ఆగినంత కాలం వాళ్లకి "కొత్తది వద్దు" అనే వినిపిస్తుంది.

అందుకే నేనొకటి అనుకున్నాను. ఏడాదికి ఒక్క కొత్త గేమ్‌ని, రివ్యూలు చూసుకుని, ఫుల్ ప్రైస్‌కే కొంటాను. మనం ఇప్పుడు సీక్వెల్స్ కోసం ఎదురుచూస్తున్న గాడ్ ఆఫ్ వార్ కూడా 2005లో ఎవరికీ తెలియని పేరే కదా.