వీసా చేతికొచ్చాక చేజారే కొలువు

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత విదేశాల్లో పాఠాలు చెప్పబోయే భారతీయ ఉపాధ్యాయుల విషయంలో అక్షరాలా నిజమవుతోంది. వీసా మంజూరు చేసేది అక్కడి ప్రభుత్వం. కొలువు ఇచ్చేది అక్కడి పాఠశాల. మొదటిది దక్కితే రెండోది దక్కినట్లేనని నమ్మి, ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేసి, బంగారం కుదువపెట్టి, పిల్లలకు టీసీలు తీసుకుని, అద్దె ఇల్లు ఖాళీ చేసినవారికి ప్రయాణం దగ్గరపడిన వేళ నాలుగు వాక్యాల ఈమెయిల్ వస్తుంది. విద్యార్థుల సంఖ్య తగ్గిందనో, బడ్జెట్‌లో కోత పడిందనో అందులో ఒక కారణం ఉంటుంది. నియామకాన్ని ఉపసంహరించుకుంటున్నామన్న ప్రకటన ఉంటుంది. చివర శుభాకాంక్షలు కూడా ఉంటాయి. నష్టపరిహారం ఊసు మాత్రం ఉండదు.

దీన్ని దురదృష్టంగా చెప్పి సరిపెట్టడం ప్రభుత్వాలకు అలవాటైంది. నష్టం ఎవరి నెత్తిన పడాలో ముందే నిర్ణయించి రాసుకున్న నిబంధనల్లోనే దీని మూలం ఉంది. ఆ నిబంధనలు సగం వెళ్లే దేశానివి, సగం మనవి. పరాయి దేశం తన యజమానిని కాపాడుకోవడంలో ఆశ్చర్యం లేదు. మన దేశం తన ఉపాధ్యాయుణ్ని ఎందుకు కాపాడుకోదన్నదే అడగవలసిన ప్రశ్న.

ముందుగా అమెరికా సంగతి చూద్దాం. అక్కడి పాఠశాలలు విదేశీ ఉపాధ్యాయులను ప్రధానంగా హెచ్-1బీ, జే-1 వీసాలపై తీసుకుంటాయి. హెచ్-1బీ కోరే యజమాని నిర్ణీత వేతనం చెల్లిస్తానని కార్మిక శాఖకు హామీ ఇవ్వాలి. ఆ హామీ ఎప్పటినుంచి అమల్లోకి వస్తుందన్నదే కీలకం. పిటిషన్ ఆమోదం పొందిన నాటినుంచి కాదు, పాస్‌పోర్టులో వీసా ముద్ర పడిన నాటినుంచీ కాదు. ఉద్యోగి పనిలో చేరిన రోజునుంచి, లేదా ఆ పిటిషన్‌పై అమెరికాలో అడుగుపెట్టిన 30 రోజుల తరువాతనుంచి మాత్రమే. విమానం ఎక్కకముందే పాఠశాల మనసు మార్చుకుంటే ఈ హామీ కింద ఒక్క డాలరు కూడా చెల్లించనక్కర్లేదు. పిటిషన్‌ను ఉపసంహరించుకుంటున్నట్లు ఒక లేఖ రాస్తే ఆమోదం దానంతటదే రద్దవుతుంది. పనిలో చేరాక గడువుకు ముందే తొలగిస్తే యజమాని తిరుగు ప్రయాణ ఖర్చు భరించాలి. కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఉద్యోగికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి కూడా ఉంటుంది. గడప దాటకముందే కొలువు పోయినవారికి ఈ రెండూ లేవు.

బ్రిటన్ తీరు ఇంతకన్నా ఘనంగా ఏమీ లేదు. 2023 ఫిబ్రవరి నుంచి భారత్‌తో పాటు మరికొన్ని దేశాల గణిత, సైన్స్, భాషా ఉపాధ్యాయులు తమ బోధనార్హతలు, అనుభవంతోనే ఇంగ్లండ్‌లో అర్హత హోదా పొందేందుకు అక్కడి ప్రభుత్వం దారి తెరిచింది. దారి తెరుచుకుంది గానీ, నడిచేవాడి భద్రత యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ ధ్రువపత్రానికే ముడిపడి ఉంది. స్పాన్సర్ తప్పుకుంటే వీసాకు ఆధారం పోతుంది. అప్పటికే దేశంలో ఉన్నవారికి సాధారణంగా 60 రోజుల గడువిస్తారు. అంగీకరించిన నియామకాన్ని రద్దు చేయడం ఒప్పంద ఉల్లంఘనేనని అక్కడి న్యాయం ఒప్పుకుంటుంది. కానీ పరిహారం సాధారణంగా నోటీసు కాలపు జీతానికే పరిమితం. అది కూడా నియామకం షరతులతో కూడినది కాకపోతేనే. పూర్వ యజమానుల సిఫారసులు, నేర చరిత్ర తనిఖీ వంటి షరతులు లేని నియామక పత్రం ఇచ్చే పాఠశాల ఎక్కడుంది?

తప్పు యజమానిదని తేలినా శిక్ష ఉపాధ్యాయుడికే పడిన ఉదంతం చరిత్రలో ఉంది. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలల యంత్రాంగం వీసా ఖర్చులను విదేశీ ఉపాధ్యాయులపైనే మోపిందని అక్కడి కార్మిక శాఖ తేల్చింది. 2011లో కుదిరిన పరిష్కారం ప్రకారం 1,044 మందికి సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లించాలి. వారిలో అత్యధికులు ఫిలిప్పీన్స్ దేశస్థులు. అంతవరకు న్యాయమే. దానితోపాటే రెండేళ్లపాటు విదేశీ ఉద్యోగుల కోసం పిటిషన్లు వేయకుండా ఆ యంత్రాంగంపై నిషేధం పడింది. ఫలితంగా వీసా గడువు ముగిసినవారికి పొడిగింపు దొరకలేదు. మోసపోయిన ఉపాధ్యాయులే వందల సంఖ్యలో కొలువులు వదులుకోవలసి వచ్చింది. యజమానిని కొట్టబోయిన దెబ్బ బాధితుడి వీపుమీద పడింది.

లూసియానా రాష్ట్రంలో మరో 350 మందికి పైగా ఫిలిప్పీన్స్ ఉపాధ్యాయులు తమ వద్ద వేల డాలర్లు గుంజిన నియామక సంస్థపై కోర్టుకెక్కారు. 2012 డిసెంబర్‌లో జ్యూరీ వారికి 45 లక్షల డాలర్లు ఇప్పించింది. వారు గెలవగలిగారంటే కారణం ఒకటే: అమెరికా గడ్డమీద ఉన్నారు, అక్కడి న్యాయవాదులు, ఉపాధ్యాయ సంఘాలు అండగా నిలిచాయి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో సర్దుకున్న పెట్టెల మధ్య కూర్చున్నవారు ఏ కోర్టు మెట్లెక్కాలి? ఏ న్యాయవాదికి ఏ కరెన్సీలో ఫీజు కట్టాలి?

ఇప్పుడు పరిస్థితి మరింత బిగుసుకుంది. అమెరికా వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబర్ 19న అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన జారీ చేశారు. అక్కడి సగటు పాఠశాల ఉపాధ్యాయుడి ఏడాది జీతం కన్నా అది ఎక్కువ. అంతకుముందే వేసిన పిటిషన్లకు ఇది వర్తించదన్న వివరణ విని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆమోదం పొందాక మొదటి పాఠశాల చెయ్యి విడిచిన ఉపాధ్యాయుడి మాటేమిటి? అతణ్ని తీసుకోదలచిన రెండో పాఠశాల కొత్త పిటిషన్ వేయాలి. కొత్త పిటిషన్ అంటే లక్ష డాలర్లు. ఒక ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవచ్చన్న ఓదార్పు ఆ ప్రకటనతో చచ్చిపోయింది. ఆపై 2025 డిసెంబర్ 15 నుంచి దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలనను హెచ్-1బీకి కూడా విస్తరించడంతో, మన దేశంలోని కాన్సులేట్లలో ఖరారైన ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. పాఠశాల గంట మాత్రం కాన్సులేట్ కోసం ఆగదు. తరగతి గదిలో టీచరు లేకపోతే అది ఇంకొకరిని చూసుకుంటుంది.

పరాయి దేశాల కథ ఇదైతే, స్వదేశం కథ ఇంతకన్నా సిగ్గుచేటు. మన వలసలను నియంత్రించే ప్రధాన చట్టం 1983 నాటిది. అందులో ‘పని’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. వ్యవసాయ కూలి ఉన్నాడు, ఇంటి పనిమనిషి ఉంది, డ్రైవరు, మెకానిక్కు, టైపిస్టు, నర్సు ఉన్నారు. ఉపాధ్యాయుడి పేరు లేదు. పదో తరగతి పాసైనవారికి ప్రభుత్వ వలస అనుమతి అక్కర్లేదన్నది అమల్లో ఉన్న పద్ధతి. చదువుకున్నవాడు మోసపోడన్న గుడ్డి నమ్మకం దీని వెనుక ఉంది. పదో తరగతి చదివినవారినే కాదు, ఆ పదో తరగతికి పాఠం చెప్పేవారిని కూడా రాజ్యం ఆ లెక్కలోనే వేసి చేతులు దులుపుకుంది. అనుమతి అవసరం లేదంటే ఒప్పందాన్ని ఎవరూ చూడరు. ఒప్పందాన్ని చూడనివారు ఉల్లంఘనను ఏం చూస్తారు?

నమోదైన నియామక ఏజెంటు ఒక్కో అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయరాదని కేంద్రం పరిమితి పెట్టింది. అమీర్‌పేటలోనో విజయవాడలోనో ‘కన్సల్టెన్సీ’ బోర్డు కట్టుకున్నవారు తాము ఏజెంట్లమే కాదంటారు. శిక్షణ అంటారు, పత్రాల సేవ అంటారు. కొలువు రద్దయిన రోజున వారి మాట ఒక్కటే: వీసా ఇప్పించాం, మా బాధ్యత తీరింది.

రాజ్యం తలచుకుంటే ఏమీ చేయలేదా? నర్సుల విషయంలో చేసింది. కేరళ నర్సుల నియామకాల్లో భారీ దోపిడీ బయటపడ్డాక, గల్ఫ్ సహా నిర్దేశిత దేశాలకు వెళ్లే నర్సులకు, వారి చదువుతో నిమిత్తం లేకుండా, వలస అనుమతిని 2015లో కేంద్రం తప్పనిసరి చేసింది. నియామకాలను నోర్కా రూట్స్ వంటి ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. అయినా చదువుకున్నవారికి రక్షణ అక్కర్లేదన్న వాదనను ప్రభుత్వమే ఆనాడు పక్కన పెట్టింది. నర్సుకు అవసరమైన రక్షణ టీచరుకు ఎందుకు అక్కర్లేదో ఢిల్లీ చెప్పాలి.

నిబంధనలు బిగిస్తే విదేశీ యజమానులు మనవారిని వదిలి ఇతర దేశాలవైపు చూస్తారన్నది తరచు వినిపించే అభ్యంతరం. ఆ ‘ఇతర దేశాల’లో మొదటి పేరు ఫిలిప్పీన్స్. అక్కడ 1995 నాటి వలస కార్మికుల చట్టం ప్రకారం విదేశీ యజమాని బాకీపడ్డ సొమ్ముకు స్థానిక నియామక సంస్థ కూడా ఉమ్మడిగా బాధ్యత వహించాలి. 2007లో ఆ దేశ సుప్రీంకోర్టు ఒక నావికుడి కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ఒప్పందం కుదిరాక అతణ్ని ఓడ ఎక్కనివ్వలేదు. పని మొదలుకాలేదు కాబట్టి బాధ్యత లేదన్న సంస్థ వాదనను కోర్టు తోసిపుచ్చింది. ఉద్యోగ సంబంధం మొదలుకాకపోయినా ఒప్పందం పుట్టింది, దాన్ని ఉల్లంఘిస్తే పరిహారం చెల్లించాల్సిందేనని తేల్చింది. ఇంత కఠినంగా ఉన్నందుకు ప్రపంచం ఫిలిప్పీన్స్ కార్మికులను వెలివేసిందా? వారు లేని ఓడ, వారు లేని ఆసుపత్రి నేడు అరుదు. రక్షణ ఇస్తే గిరాకీ పోతుందన్న భయాన్ని ఆ దేశ అనుభవమే కొట్టిపారేస్తోంది.

ఇక్కడే ఉండి చెప్పుకోవచ్చు కదా అని ఎత్తిపొడిచేవారూ ఉన్నారు. ఉండడానికి చోటేది? 2024-25 విద్యా గణాంకాల ప్రకారం దేశంలో లక్షకు పైగా పాఠశాలలు ఒకే ఒక్క టీచరుతో నడుస్తున్నాయి. వాటి సంఖ్యలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. అక్కడ 2018 డీఎస్సీ తరువాత పెద్దఎత్తున నియామకం జరిగింది 2025 మెగా డీఎస్సీలోనే. ప్రకటించిన పోస్టులు 16,347. మధ్యలో ఏడేళ్లు బీఈడీ పట్టా చేతబట్టుకుని ప్రైవేటు పాఠశాలల్లో చాలీచాలని జీతాలకు పనిచేసినవారు సముద్రాలవైపు చూడటంలో వింతేముంది? ఇక్కడ పోస్టు భర్తీ చేయరు, అక్కడికి వెళ్లేవారికి అండగా నిలవరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్లుంది ఈ తీరు.

డబ్బు విషయంలో మాత్రం రాజ్యానికి మొహమాటం లేదు. 2024లో ప్రవాసులు స్వదేశానికి పంపిన సొమ్ము సుమారు 12,900 కోట్ల డాలర్లు. ప్రపంచంలో మనదే అగ్రస్థానం. ప్రతి వేదికపైనా ఈ అంకె మోగుతుంది. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాలతో కుదిరిన వలస, రాకపోకల భాగస్వామ్యాలను విజయాలుగా చాటుతారు. పంపిన సొమ్మును లెక్కపెట్టే ప్రభుత్వం, వెళ్లలేక అప్పుల్లో కూరుకుపోయినవారిని లెక్కపెట్టే పని పెట్టుకోదు.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. 1983 చట్టంలోని ‘పని’ నిర్వచనానికి ఇతర వృత్తులను నోటిఫికేషన్ ద్వారా చేర్చే అధికారం కేంద్రానికి ఉంది. బోధనను చేర్చడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. పాత చట్టం స్థానంలో తేదలచిన విదేశీ రాకపోకల బిల్లు ముసాయిదాను 2025 అక్టోబర్‌లో ప్రజాభిప్రాయానికి పెట్టారు. వీసా ఆమోదం తరువాత కొలువు రద్దయితే నియామక సంస్థ, విదేశీ యజమాని ఉమ్మడిగా బాధ్యత వహించాలన్న నిబంధన అందులో ఉండి తీరాలి. కనీసం మూడు నెలల జీతం, రుజువున్న ఖర్చులు పరిహారంగా ఇప్పించాలి. సంస్థ ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ నుంచే ఆ మొత్తం జమ చేయాలి. ‘కన్సల్టెన్సీ’ అనే ముసుగు చాటున దాక్కునే వీలు ఉండరాదు. ఇకపై కుదిరే ప్రతి ద్వైపాక్షిక ఒప్పందంలో ఈ అంశం చేరాలి. తెలంగాణలోని టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లోని ఓంక్యాప్ ఉపాధ్యాయుల నియామకాలను, వారి ఒప్పందాల పరిశీలనను తమ బాధ్యతగా తీసుకోవాలి.

వీసా ఇవ్వడం పరాయి ప్రభుత్వం ఇష్టం. కొలువు ఇవ్వడం పరాయి యజమాని ఇష్టం. తన పౌరుడి సంతకానికి విలువ కట్టడం మాత్రం పూర్తిగా ఢిల్లీ చేతిలోని పని. పంతుళ్లను ఎగుమతి చేసి విశ్వగురువు అనిపించుకోవాలనుకునే దేశం ముందు ఆ పంతులు చేతిలోని నియామక పత్రాన్ని చదవడం నేర్చుకోవాలి.