అడవిలో మన యెంగిలి

నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ వీథులనుండి యేటేట శ్రీశైలయాత్రకు వెడలు కుటుంబములు లెక్కకు మిక్కిలి. వెడలునపుడు పులిహోర, దధ్యోదనము, అరటిపండ్లు మూటగట్టుకొనుట మన యాచారము. దానిని తప్పుపట్టువా రెవరు? మన్ననూరు దాటి నల్లమలలో ప్రవేశించిన పిమ్మట ఆ మూట యేమగుచున్నదన్నదే మా ప్రశ్న.

చెట్టునీడను బండి నిలిపి భుజింతురు. విస్తళ్లను, మిగిలిన యన్నమును అచ్చటనే పారవైచి పోదురు. శివరాత్రికి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దారిని నడచి పోవువారును, చైత్రమున సలేశ్వరము జాతరకు పోవువారును అడవిలోనే తిని, అడవిలోనే పరుందురు. తలక్రింది సంచిలో బెల్లము. ప్రక్కను మూతలేని యన్నపుగిన్నె.

పగలు ఆ యెంగిలికి కోతి వచ్చును. రాత్రి వచ్చునది ఎలుగుబంటి. దానికి చూపు మందము, ఘ్రాణశక్తి మెండు. చెదపురుగులను వాసనచే పసిగట్టి, గోళ్లతో పుట్టను త్రవ్వి, పెదవులు సాచి పీల్చి తినును. ఆ పీల్పునకు వీలుగా దాని పై పలువరుసలో నడిమి దంతములు రెండు ఉండవు. ఇప్పపూవు, తునికిపండు, నేరేడు, తేనె తక్కిన భోజనము. ఇంత శ్రమించి కడుపు నింపుకొను మృగమునకు ఒక్కచోటనే బెల్లము దొరికినచో మరల పుట్టను త్రవ్వ నేల? నేడు వచ్చినచోటికే రేపును వచ్చును. వీపుమీది పిల్లలకును తల్లి ఆ దారినే నేర్పును. మనుష్యుని జూచి తొలగిపోవు వెరపు క్రమముగా నశించును. పిదప నొకరాత్రి యెదురుపడినవానిని చీల్చును. అప్పుడు దానికి మత్తుసూదియు బోనును సిద్ధము.

2022 జూన్‌లో శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున ఒకని చంపి పలువురను గాయపరచిన ఎలుగుబంటిని మత్తిచ్చి పట్టి విశాఖపట్టణమునకు గొనిపోగా, అది బ్రదుకలేదు. అది యాత్రికుల యెంగిలికి మరగినదని మే మనము. జనులలోనికి వచ్చిన ఎలుగుబంటి గతి మాత్రము అట్టిది. తిరుమలలో 2023 ఆగస్టున అలిపిరి మెట్లదారిని చిరుతపులి యొక బాలికను పొట్టనబెట్టుకొనిన తరువాతగాని జంతువులకు ఆహార మిడరాదను కట్టడి రాలేదు.

మన పేటల బిడ్డలు పలువురు కాలిఫోర్నియాలో నున్నారు. అచ్చటి యోసెమిటీ వనమున 1998లో ఎలుగుబంట్లు ఆహారమునకై వేయికి పైగా కారులను చీల్చివైచినవి. ఇనుపపెట్టెలును, జుల్మానాలును కట్టుదిట్టముగా అమలైన పిమ్మట ఆ యుపద్రవము నూటికి తొంబదిపాళ్లకు మించి తగ్గినది. అచ్చట కొడుకు పెట్టెకు గడియ వేయును. ఇచ్చట తండ్రి కిటికీనుండి విస్తరి విసరును!

1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము ఎలుగుబంటిని మొదటి పట్టికలో జేర్చి వేటకానినుండి కాపాడినది. యెంగిలినుండి కాపాడవలసినవారము మనమే. మన్ననూరు తనిఖీద్వారమున ప్రతి బండికిని ఒక సంచి నిచ్చి, అడవి దాటునపుడు నిండినదానిని మరల గైకొనుట యసాధ్యము గాదు. అన్నదాన శిబిరములవారు గట్టి మూతల పెట్టెలు తెచ్చుకొననిచో అనుమతి నీయరాదు. రాత్రి మిగిలినదానిని బండ్లమీద వెలుపలికి చేర్పవలయును. నల్లమల రెండు రాష్ట్రములలో వ్యాపించియున్నది గావున ఉభయుల అటవీశాఖలును దేవస్థానమువారును రాబోవు శివరాత్రికి పూర్వమే కూడి యీ యేర్పాటు చేయవలయును.