రష్యా నూనె మేం వాడలేదండి!

2025 సెప్టెంబరులో ఒక ఉదయం. ఏలూరులో మా వీధికి చేపలు తెచ్చే ఆమె గంప దించి, గుమ్మం పక్కన చతికిలబడింది. ఆమెది కొల్లేటి పక్క పల్లె. కోడలు భీమవరం వైపు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతుంది. పొద్దున్నే బస్సొచ్చి ఊరి ఆడవాళ్ళని ఎక్కించుకుపోతుంది. "కోడలు పనికెళుతోందా?" అని మాటవరసకి అడిగాను.

"ఎక్కడ పనండీ అమ్మగారూ! వారానికి మూడ్రోజులే రమ్మంటన్నారు. అమెరికావోళ్ళు రొయ్యల మీద పన్నేశారంట. మనం రష్యా నూనె కొన్నామని కోపమంట. మేమెప్పుడూ రష్యా నూనె వాడలేదండి. మా ఇంట్లో పామాయిలే!"

నాకు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆ మాటలో పొరపాటు ఒక్కటే. అది వంటనూనె కాదు, పెట్రోలు, డీజిలు తీసే ముడిచమురు. మిగతాదంతా అక్షరాలా నిజం.

ఈ కథ మొదలైంది ఉక్రెయిన్ తూర్పు అంచున. అక్కడ దొనెట్స్క్, లుహాన్స్క్ అని రెండు ప్రాంతాలున్నాయి. 2014లో రష్యా అండతో అక్కడి వేర్పాటువాదులు "మేం వేరు" అన్నారు. అదే ఏడు రష్యా క్రిమియాను కలిపేసుకుంది. మిన్స్క్‌లో 2014లో ఒకసారి, 2015లో ఇంకోసారి ఒప్పందాలు రాసుకున్నారు గానీ నిలవలేదు. 2022 ఫిబ్రవరి 21న పుతిన్ ఆ రెండింటినీ స్వతంత్ర రాజ్యాలుగా గుర్తించారు. 24న రష్యా సేనలు ఉక్రెయిన్ మీద పడ్డాయి.

ఆ యుద్ధం మన వంటింటికి రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మన దేశానికి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో నూటికి 90 పాళ్ళు ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. అది తగ్గి ధర మండింది. దానికి తోడు ఇండోనేషియా 2022 ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. తాడేపల్లిగూడెంలో మా వదిన చేగోడీలు, జంతికలు చేసి కొట్లకి వేస్తుంది. పొట్లం ధర పెంచితే కొట్టువాళ్ళు ఊరుకోరని, పొట్లానికి నాలుగు చేగోడీలు తగ్గించింది. అదే వేసవిలో పెదవేగి వైపు పామాయిల్ తోటలున్న రైతులకి మాత్రం గెలలకి మంచి ధర పలికింది. ఒకరికి మోదం, ఒకరికి ఖేదం. అది బజారు ఆట, ఎవర్ని నిలదీస్తాం అనుకున్నాం.

కానీ 2025లో రొయ్య మీద పడ్డ దెబ్బ అలాంటిది కాదు.

యుద్ధం మొదలయ్యాక పశ్చిమ దేశాలు రష్యా మీద ఆంక్షలు పెట్టాయి. రష్యా తన చమురును ధర తగ్గించి అమ్మజూపింది. మనం కొన్నాం. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యాది నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. తర్వాత మూడో వంతు దాటింది. ఐక్యరాజ్యసమితిలో రష్యాను తప్పుపట్టే తీర్మానాలు వచ్చినప్పుడు మనం ఎటూ ఓటు వేయలేదు. 2024లో ప్రధాని మోదీ జులైలో మాస్కో, ఆగస్టులో కీవ్ వెళ్ళొచ్చారు. దాయాదులు కొట్టుకుంటుంటే ఇద్దరిళ్ళకీ రాకపోకలు ఉంచుకున్నట్టన్నమాట. అది తప్పని నేననను. దేశమన్నాక తన ఇల్లు తను చూసుకోవాలి.

అయితే అమెరికాకి కోపమొచ్చింది. 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నందుకు ఆగస్టు 27 నుంచి మరో 25 వడ్డించింది. రొయ్యలకైతే అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ వగైరా పన్నులు కలిసి 58 శాతం దాటింది. మనతో పోటీపడే ఈక్వడార్ రొయ్యకి వేసింది 15 శాతమే. మన రొయ్యలకి అతి పెద్ద గిరాకీ అమెరికాదే. ఆ రొయ్యల్లో పెద్ద వాటా మన రాష్ట్రానిదే. మరి దెబ్బ ఎక్కడ తగులుతుంది? కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం చెరువుగట్ల మీదే కదా!

మనకంటే ఎక్కువ రష్యా చమురు చైనా కొంటోంది, ఐరోపా ఇంకా రష్యా గ్యాసు కొంటూనే ఉంది, మాకొక్కళ్ళకే శిక్షా అని ఢిల్లీ అప్పుడు గట్టిగానే అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ మన ఇంట్లో మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. చవక చమురు లాభం ఎవరికి చేరింది? జరిమానా ఎవరు కట్టారు?

2022 మేలో కేంద్రం పెట్రోలు మీద ఎక్సైజు తగ్గించింది. ఆ తర్వాత 2024 మార్చిలో గాని మళ్ళీ ధర దిగలేదు. అదీ లీటరుకి 2 రూపాయలు. ఆ చమురు కొనకపోతే ప్రపంచమంతా ధర ఇంకా పెరిగేదంటారు. నిజమే కావచ్చు. అలాగే అనుకుందాం. అప్పుడు ఆ మేలు దేశమంతటిదీ అవుతుంది. మేలు అందరిదీ అయినప్పుడు, దానికి పడ్డ జరిమానా నాలుగు మండలాల చెరువులూ, వాటిని నమ్ముకున్న ఆడకూలీలూ ఎందుకు మొయ్యాలి?

రైతు గోడు కొంతైనా వినిపించింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆక్వా రైతుని ఆదుకోమని కేంద్రానికి లేఖ రాశారు. మరి షెడ్డులో చల్లటి నీళ్ళల్లో చేతులు నానబెట్టుకుని నిలబడే మనిషి సంగతి? చాలాచోట్ల కూలి కిలోల లెక్క. రొయ్య రాకపోతే కూలి లేదు. పేరు ఏ రిజిస్టరులోనూ లేకపోతే నష్టపోయినట్టు రుజువే లేదు. కాబట్టి ముందు ఆ పేర్లు ఎక్కాలి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కాగితాలు చేతికి రావాలి. దేశం నిర్ణయం వల్ల పోయిన పనిదినాలకి ఎంతో కొంత భృతి ఉండాలి. ఇది దయ కాదు, లెక్క. మీ డ్వాక్రా సంఘంలో అలాంటి వాళ్ళుంటే, ఈసారి మీటింగులో పొదుపు లెక్కలయ్యాక ఈ లెక్క కూడా అడగండి.

సుంకాలు ఇవాళ వేస్తారు, రేపు మారుస్తారు. పోయిన కూలిరోజు మాత్రం తిరిగిరాదు.

ఇదంతా నాకు తెలిసినట్టు ఆమెకి చెప్పాను. శ్రద్ధగా విని, గంప నెత్తికెత్తుకుంటూ అంది: "అయితే అమ్మగారూ, ఆ నూనె కొన్నోళ్ళు మా కోడలి మూడ్రోజుల కూలీ ఇస్తారాండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఉన్నవాళ్ళు చెప్పాలి.