ఔషధపరిశోధన మన వాకిట వలదనువారికి

ఔషధపరిశోధన యనగానే అది పేదల దేహములపై కంపెనీలు జరుపు దౌర్జన్యమనియు, అట్టి పరీక్షలు మన ఓరుగల్లు ఆసుపత్రుల గడప త్రొక్కరాదనియు వాదించుట నేడు మన ప్రాంతమున అభ్యుదయ లక్షణముగా చెల్లుచున్నది. ఈ వాదమునకు మూలమైన ఆవేదన న్యాయమైనదే. దానినుండి వారు తీసిన తీర్పు మాత్రము పేదవానికే కీడు చేయునదని నా దృఢవిశ్వాసము.

వారు మొట్టమొదట చూపునది ఖమ్మము. 1953 వఱకు ఓరుగల్లు జిల్లాలో భాగమై యుండిన ఆ సీమలో, 2009 జూలై మొదలు, గర్భాశయముఖ క్యాన్సరును నివారించు హెచ్‌పీవీ టీకాను పది మొదలు పదునాలుగేండ్ల వఱకు వయసు గల బాలికలు సుమారు 14,000 మందికి, పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలసి వేయించినవి. వారిలో ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల బిడ్డలు పెక్కురు. అంగీకార పత్రములు 9,543 చూడగా, 2,763 పత్రములపై సంతకము చేసినవారు వసతిగృహముల వార్డెనులు. 1,948 పత్రములపై నున్నవి వేలిముద్రలు. కొందఱు బాలికలు మరణించిరన్న వార్తతో అలజడి రేగి, 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచినది. ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము చెప్పినను, 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘము ఆ నిర్వహణను తీవ్రముగా గర్హించినది.

గర్హించినది దేనిని? తల్లిదండ్రుల యనుమతి పొందకపోవుటను, టీకా పిమ్మట కలుగు బాధలను సరిగా నమోదు చేయు ఏర్పాటు లేకపోవుటను, పరీక్షలకు శాసనము విధించిన కట్టుబాట్లను తప్పించుకొనుటను. ఇవన్నియు పరిశోధనాధర్మమును పాటింపనందున పుట్టిన దోషములే. అన్నములో రాళ్లు వచ్చినవని వంటయే మానుదుమా?

అదే 2009లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థవారు, రెండు మోతాదులు మూడింటికి సాటియగునా యని తేల్చుటకు, మన దేశమున పలు కేంద్రములలో వేఱొక పరీక్ష నారంభించియుండిరి. ఖమ్మపు అలజడితో 2010లో అందును టీకాలు వేయుట ఆగి, వేలకొలది బాలికలు ఒక్క మోతాదుతోనే మిగిలిపోయిరి. అయినను ఆ వైద్యులు వారిని విడువక, ఏండ్ల తరబడి వెంబడించి పరీక్షించి, ఒక్క మోతాదు ఇచ్చిన రక్షణయు ఇంచుమించు మూడు మోతాదుల రక్షణ యంతటిదేయని 2021లో ప్రకటించిరి. మఱుసటి యేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు పద్ధతి నంగీకరించుటకు ఆధారములైన సాక్ష్యములలో ఇది ముఖ్యమైనది. మూడు సూదులకు డబ్బు లేని దేశముల ఆడుబిడ్డలకు ఈ సత్యము ఎంతటి మేలో యోచింపుడు. మన ఖమ్మము బిడ్డలను మాత్రము అట్లు వెంబడించి చూచినవారు లేకపోయిరి. నాకు అన్నిటికంటె బాధ కలిగించునది ఇదియే.

ఇక మన యింటి సంగతి. పత్తిచేలకు కొట్టు పురుగుమందు త్రాగిన రైతును బంధువులు ఎంజీఎం ఆసుపత్రికి మోసికొని వచ్చుట ఈ సీమలో ఎవరెఱుగరు? ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందుల విషమునకు అట్రోపిన్‌తోపాటు ప్రాలిడాక్సిమ్ అను మందు నిచ్చు ఆచారము చిరకాలముగా కలదు. దానిని హెచ్చు మోతాదులో ఎడతెగక ఎక్కించిన మేలు కలిగినదని 2006లో మహారాష్ట్రలోని బారామతి వైద్యులు చూపిరి; మేలు కానరాలేదనియు, కీడు కూడ కలుగవచ్చుననియు 2009లో శ్రీలంక పరీక్ష తెలిపినది. రెండును నిజాయితీగా జరిగిన పరీక్షలే. మన రైతు నరమున ఎక్కుచున్న ఆ మందు అతనిని బ్రతికించుచున్నదో, చంపుచున్నదో ధర్మోపన్యాసములు తేల్చజాలవు. ఇంకను విస్తృతమైన పరీక్ష తేల్చవలెను. పరీక్షలో హాని కలిగినవారికి ఉచిత చికిత్సను, పరిహారమును 2019 నియమములు విధించియే యున్నవి. ఆ నియమములను అక్షరాల అమలుపఱచి, అంగీకార పత్రమును రోగి బంధువులకు తెలుగున, అవసరమైనచో కోయభాషలో, చదివి వినిపించి, కాకతీయ వైద్య కళాశాల వైద్యులచేతనే అట్టి పరీక్ష జరిపింపుడని పట్టుపట్టవలసిన ప్రజాసంఘములే అడ్డము నిలుచుట నాకు మింగుడు పడకున్నది.