దూలాలు అమ్ముకున్నవాడి మాట

ఉగాది సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. పండుగ విశేషాలు రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గనుక ఆ పని వారికే వదిలి, కొన్నేళ్లుగా నాలో నలుగుతున్న విషయమొకటి మీ ముందు పెడుతున్నాను. కొందరికి రుచించకపోవచ్చు. పచ్చడిలో వేపపువ్వు కూడా ఉంటుంది కదా!

మేముండేది సీఫ్‌లో. అరబ్బీలో సీఫ్ అంటే ఒడ్డు. సముద్రాన్ని పూడ్చిన నేల మీద లేచిన పేట ఇది. ఇక్కడ పాతకట్టడం ఏదంటే, 1997లో తెరిచిన సీఫ్ మాల్ అనే చెప్పుకోవాలి. అయితే కారులో పది నిమిషాలు పడమరకు వెళ్తే బహ్రెయిన్ కోట కనిపిస్తుంది. దాని కింది దిబ్బ పన్నెండు మీటర్ల ఎత్తు. క్రీ.పూ. 2300 ప్రాంతం నుంచి క్రీ.శ. 16వ శతాబ్దం దాకా, ఒకరి గోడల మీద మరొకరు గోడలు లేపుకుంటూ జనం అక్కడే కాపురమున్నారు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనం మాత్రం వచ్చిన చుట్టాలను ముందు మాల్‌కే తీసుకెళ్తాం!

నాకు కోటకంటే ముహర్రఖ్ సందుల్లోని ఇళ్లంటేనే ఇష్టం. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి, సున్నం, పైకప్పుకు ఓడల్లో దిగుమతి చేసుకున్న మడకర్రలు. కర్ర ఎంత పొడుగో గది అంత వెడల్పు. మా ఊళ్లో తాటి దూలాలదీ ఇదే లెక్క. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. షేక్ ఈసా బిన్ అలీ గారి ఇంట్లో పై గాలిని పట్టి గదిలోకి దింపే బురుజు ఉంది. కరెంటు లేని రోజుల్లో ఎండాకాలాన్ని అలా దాటారు.

ఈ ఇళ్లు ముత్యాల సొమ్ముతో లేచాయి. 1930 దశకంలో జపాను పెంపుడు ముత్యాలు వచ్చి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. 1932లో చమురు పడింది. క్రమంగా యజమానులు కొత్త పేటలకు వెళ్లిపోయారు. ఎన్నో ఇళ్లు పడిపోయాయి. కొన్నింట్లో గదికి పదిమంది చొప్పున మన దేశపు కూలీలే తలదాచుకున్నారు. పాత ఇల్లు ఎంత అందమో అని ఏసీ గదిలో కూర్చుని రాయడం తేలిక. కారే కప్పు కింద పడుకున్నవాణ్ణి అడిగితే వేరే మాట చెబుతాడు. ఆ మాటా నిజమే.

మిగిలినవాటిని వీళ్లు ఎలా దక్కించుకున్నారన్నది గమనించదగ్గది. 2012లో ముత్యాల బాట కింద ముహర్రఖ్‌లో పదిహేడు కట్టడాలు యునెస్కో జాబితాకెక్కాయి. 2019లో ఈ పునరుద్ధరణకు ఆగాఖాన్ అవార్డు వచ్చింది. షావుకార్ల మేడలే కాదు, సముద్రంలో మునిగి ముత్యపుచిప్పలు తెచ్చిన మనిషి ఇల్లు కూడా ఆ పదిహేడింటిలో ఉండడం నాకు నచ్చింది. తాళం వేసి బోర్డు తగిలించి ఊరుకోలేదు. బాగుచేసిన ఇళ్లలో ఒకచోట ప్రదర్శన, ఒకచోట పుస్తకాలు, ఒకచోట ఉపన్యాసం. పక్క సందులో పాత గహ్వాలో ముసలివాళ్లు డామినోలు ఆడుతూ చిన్న గాజు గ్లాసుల్లో టీ తాగుతుంటారు. మనిషికి పనిబడిన ఇల్లు నిలుస్తుంది.

ఇంగ్లండు వాళ్లకు ఈ గహ్వా స్థానంలో పబ్బు. తాగుడు సంగతి అలా ఉంచండి, అది వాళ్ల రచ్చబండ. 2011 నాటి చట్టం ప్రకారం స్థానికులు తమ పబ్బును ఊరుమ్మడి అవసరంగా నమోదు చేయించుకోవచ్చు. అమ్మకానికి పెడితే, కొనే ప్రయత్నానికి ఆరు నెలల గడువు అడగవచ్చు. లండన్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్బును 2015లో అనుమతి లేకుండా కూల్చేస్తే, ఉన్నదున్నట్టు మళ్లీ కట్టమన్నారు. కట్టారు. 2021లో తలుపులు తెరిచింది.

ఇక నా సంగతి. కోనసీమలో మాది మండువా లోగిలి. వాన పడితే నాలుగు వైపుల చూరు నీళ్లూ నడిమింట్లోకి దూకేవి. గంగాళాలు పెట్టి పట్టుకునేవాళ్లం. వీధి అరుగు మీద పొద్దున్నే పేపరు చదివేవాళ్లు, చీట్లపేకవాళ్లు, సంతకు వెళ్తూ నడుము వాల్చేవాళ్లు. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే అయింది. పెంకులు నేయించడానికి మనిషి దొరకడం లేదని అన్నయ్య ఫోన్ చేశాడు. "కూల్చేసి డాబా వేద్దాం, డబ్బు నేను పంపుతాను" అన్నాను. ఒక్క మాట కూడా ఆలోచించలేదు. టేకు స్తంభాలూ దూలాలూ ఒక వ్యాపారి లారీలో వేసుకుపోయాడు. వాడిచ్చిన డబ్బు కొత్త ఇంటి కిటికీలకు కూడా చాలలేదు. డాబాకు అరుగు లేదు, ప్రహరీ గోడ, గేటు ఉన్నాయి. అమ్మ మధ్యాహ్నం పూట కుర్చీ తెచ్చుకుని ఆ గేటు బయట కూర్చుంటుంది.

తప్పంతా నాదేనని గుండెలు బాదుకోను. అమ్మకు కారని కప్పు కావాలి, ఇంట్లోనే స్నానాల గది కావాలి. కానీ అవి పాత ఇంట్లోనే ఏర్పాటు చేయవచ్చునని ముహర్రఖ్ చూశాక గాని నాకు తట్టలేదు. గల్ఫ్ డబ్బు చాలా ఊళ్లలో ఇదే పని చేసింది.

మన సభ్యుల్లో ఇంకా అలాంటి ఇళ్లున్నవారు ఉన్నారు. వారికి నా మనవి: ఈ వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు వ్యాపారికి మాట ఇవ్వకండి. ముందు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచి, ఫోటోలు తీయండి. పాత పని తెలిసిన వడ్రంగి పక్క ఊళ్లోనైనా ఉన్నాడేమో వెతకండి. మీరు ఉండకపోతే గ్రంథాలయానికో, పిల్లల ట్యూషనుకో ఇవ్వండి. సంఘం వారికి కూడా ఒక మాట: పిక్నిక్ ఎప్పుడూ పార్కులోనేనా? ఈసారి చల్లబడ్డాక ఒక శుక్రవారం సాయంత్రం పిల్లలందరినీ ముహర్రఖ్ నడిపించుకు వెళ్దాం. దారి నేను చూపిస్తాను.

కిందటి శీతాకాలం మా అమ్మాయిని షేక్ ఈసా గారి ఇంటికి తీసుకెళ్లాను. నడిమి వాకిట్లో నిలబడి పైకి చూసి, "వాన వస్తే ఎలా నాన్నా?" అంది. గంగాళాల సంగతి చెప్పాను. ఫోటో ఉందా అంది. ఇంట్లో వెతికితే మా పిన్ని పెళ్లి ఫోటో ఒకటి దొరికింది. పెళ్లికూతురు వెనక స్తంభం సగమే పడింది.